మతిమరుపా, మెదడు జబ్బా? పెద్దల ఆలోచనాశక్తిని కొలిచే పరీక్షల గురించి తెలుసుకుందాం

ఇంట్లో పెద్దవారు అడిగిందే మళ్లీ మళ్లీ అడిగితే, పెట్టిన వస్తువు ఎక్కడుందో మరిచిపోతే మనం తేలిగ్గా ఒక మాట అనేస్తాం. తెలుగులో ‘చాదస్తం’ అంటాం. ఉర్దూలో ‘సఠియా గయే’ అంటాం. అరవై దాటితే మతి తగ్గడం మామూలే అన్న నమ్మకం ఈ రెండు మాటల్లోనూ ఉంది. ఆ నమ్మకం సగమే నిజం. వయసుతో జ్ఞాపకం కొంచెం మందగించడం మామూలే. కానీ రోజువారీ పనులు చేసుకోలేనంతగా మతి తగ్గడం వయసు లక్షణం కాదు, అది జబ్బు. దాన్నే వైద్యులు డిమెన్షియా అంటారు.

మన దేశంలో అరవై ఏళ్లు పైబడిన వారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అంటే దాదాపు 88 లక్షల మంది. మగవారి కంటే ఆడవారిలో, పట్నాల కంటే పల్లెల్లో, చదువుకున్న వారి కంటే చదువు లేని వారిలో ఇది ఎక్కువగా కనిపించింది. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, నిర్మల్, మంచిర్యాల, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లో ఉన్న మన కుటుంబాలకు ఈ మూడు మాటలూ వర్తిస్తాయి. 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అక్షరాస్యత 61 శాతం, ఉమ్మడి కరీంనగర్ జిల్లాది 64 శాతం. ఇవి అన్ని వయసుల వారి లెక్కలు. మన దాదీలు, నానీల తరంలో బడికి వెళ్లిన వారు ఇంకా తక్కువ.

ఈ జబ్బును మొదట్లో పసిగట్టడానికి కొన్ని చిన్న పరీక్షలున్నాయి. రక్తం తీయరు, మిషన్లు పెట్టరు. కాగితం, పెన్సిల్, నాలుగు ప్రశ్నలు చాలు. వాటిని స్క్రీనింగ్ పరీక్షలంటారు. అవి ఏమి కొలుస్తాయి, వాటిని ఎంతవరకు నమ్మాలి, మన జిల్లాల్లో ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి, ఈ విషయంలో దాతలు ఏమి చేయగలరు అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

జ్ఞాపకం ఒక్కటే మతి కాదు

మతి అనగానే మనకు జ్ఞాపకశక్తి గుర్తుకొస్తుంది. మెదడు చేసే పనుల్లో అది ఒకటి మాత్రమే. ధ్యాస, భాష, దారి గుర్తుపట్టడం, బొమ్మ చూసి గీయడం వేరే పనులు. వీటన్నిటినీ నడిపించే మేస్త్రీ లాంటి శక్తి ఇంకొకటుంది. దాన్ని కార్యనిర్వహణ శక్తి అనవచ్చు.

పండుగనాడు ఇరవై మందికి బిర్యానీ వండడం చూడండి. ముందు రోజే సరుకులు లెక్కవేయాలి. మాంసం నానబెట్టాలి, ఉల్లిగడ్డలు వేయించాలి, బియ్యం సగం ఉడికినప్పుడే వార్చాలి, దమ్ పెట్టాలి. మధ్యలో చుట్టాలు వస్తే పలకరించి మళ్లీ పొయ్యి దగ్గరికి రావాలి. ఉప్పు ఎక్కువైతే సర్దాలి. ఏది ముందు, ఏది వెనుక, ఏది ఇప్పుడు ఆపాలి, ఏది మార్చాలి అని తేల్చేదే కార్యనిర్వహణ శక్తి. రంజాన్‌లో జకాత్ లెక్క కట్టేటప్పుడూ ఇదే పని చేస్తుంది. బంగారం, వెండి, నగదు, దుకాణంలో సరుకు, రావలసిన బాకీ, తీర్చవలసిన అప్పు అన్నీ మనసులో పెట్టుకుని, తీసేవి తీసి, మిగిలినదానిలో నలభయ్యో వంతు కట్టాలి. ముప్పై ఏళ్లుగా ఈ లెక్క సొంతంగా కట్టిన వ్యాపారి ఇప్పుడు నాలుగుసార్లు వేసినా నాలుగు రకాలుగా వస్తుంటే, ఆయనకు పాత సంగతులన్నీ గుర్తున్నా సరే, గమనించవలసిన విషయమే.

ఈ శక్తికి ముఖ్యస్థానం నుదురు వెనుక ఉండే మెదడు భాగం. దీని సంగతి లోకానికి తెలిసిన తీరు విచిత్రం. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలుదారి కోసం రాళ్లు పేలుస్తుండగా ఫినియస్ గేజ్ అనే యువ మేస్త్రీ చెంప గుండా ఒక ఇనుపగడ్డ దూసుకుపోయి నెత్తిమీదుగా బయటికొచ్చింది. ఆయన బతికాడు. మాట పోలేదు, జ్ఞాపకం పోలేదు. కానీ ఓపిక, ముందుచూపు, మాటమీద నిలబడే గుణం తగ్గాయని ఆయనకు చికిత్స చేసిన డాక్టర్ హార్లో రాశాడు. జ్ఞాపకం ఉండి కూడా మనిషి పని నడుపుకోలేని స్థితి రావచ్చని ఆ సంఘటనతో తెలిసింది.

మన ఇళ్లలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. “అబ్బాకు సూరాలన్నీ నోటికొచ్చు, నమాజు తప్పకుండా చదువుతున్నారు, మతికేమీ కాలేదు” అనుకుంటాం. చిన్నప్పటి నుంచి వేలసార్లు చదివినవి, చేసినవి మెదడులో బాగా లోతుగా నాటుకుని ఉంటాయి. జబ్బు చాలా దూరం వెళ్లేదాకా అవి చెక్కుచెదరకపోవచ్చు. పొద్దున ఏమి తిన్నారో చెప్పలేని పెద్దాయన యాసీన్ సూరా తడబడకుండా చదవగలరు. అది అల్లాహ్ అనుగ్రహమే. దాన్ని చూసి జబ్బు లేదనుకోవడం మాత్రం సరికాదు. కొత్త విషయం నిలుస్తోందా, కొత్త సమస్యను పరిష్కరించగలుగుతున్నారా అన్నదే అసలు పరీక్ష.

పరీక్షలు ఏవేవి?

అన్నిటికంటే ఎక్కువగా పేరు వినిపించేది ఎంఎంఎస్ఈ. అమెరికాలో ఫోల్‌స్టీన్ దంపతులు, మెక్‌హ్యూ కలిసి 1975లో ప్రకటించారు. మొత్తం 30 మార్కులు. తేదీ, వారం, ఊరు అడుగుతారు. మూడు పదాలు చెప్పి కాసేపటికి మళ్లీ చెప్పమంటారు. వందలోంచి ఏడు చొప్పున తీసేయమంటారు. ఒక బొమ్మ చూసి గీయమంటారు. సాధారణంగా 24 కంటే తక్కువ వస్తే అనుమానిస్తారు. దీనిలో పెద్ద లోపం ఏమిటంటే, కార్యనిర్వహణ శక్తిని ఇది దాదాపు తాకదు. అందుకే 28 మార్కులు తెచ్చుకున్న మనిషి కూడా దుకాణం నడపలేని స్థితిలో ఉండవచ్చు. పైగా దీన్ని వాడాలంటే ఇప్పుడు హక్కుదారులకు రుసుము కట్టాలి.

ఈ లోటు తీర్చడానికి వచ్చింది మోకా. కెనడాలోని మాంట్రియల్‌లో నాడీవైద్యుడు జియాద్ నస్రెద్దీన్, ఆయన సహచరులు 2005లో ప్రకటించారు. దీనికీ 30 మార్కులే. గడియారం గీయడం, అంకెలనూ అక్షరాలనూ వరుసగా కలపడం, రెండు వస్తువుల మధ్య పోలిక చెప్పడం వంటివి ఉన్నందున కార్యనిర్వహణ శక్తి కూడా బయటపడుతుంది. 26 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మామూలు అని మొదట నిర్ణయించారు. పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ చదివిన వారికి ఒక మార్కు కలుపుతారు. బడి మొహమే చూడని వారికి ఆ ఒక్క మార్కు ఏ మూలకూ సరిపోదు. అందుకే చదువు లేనివారి కోసం మోకా బేసిక్ అనే వేరే రూపాన్ని 2015లో ప్రకటించారు.

మినీకాగ్ మూడు నిమిషాల పరీక్ష. మూడు పదాలు గుర్తుపెట్టుకోమంటారు, మధ్యలో గడియారం గీయమంటారు, తర్వాత ఆ పదాలు అడుగుతారు. మొత్తం 5 మార్కులు. మూడు కంటే తక్కువ వస్తే ఇంకా వివరంగా చూడాలి. గడియారం గీయడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, గుండ్రంగా గీయడం, పన్నెండు అంకెలను సరిగా పంచడం, చెప్పిన టైముకు రెండు ముళ్లు పెట్టడం అన్నీ కలిస్తేనే అది పూర్తవుతుంది. ‘పదకొండు గంటల పది నిమిషాలు’ అంటే పెద్ద ముల్లు రెండు మీద ఉండాలి. ‘పది’ అన్న మాట వినగానే పది మీద పెట్టేవారు మొదటి ఊపును ఆపుకోలేకపోయారన్నమాట. ఆ ఆపుకోవడం కూడా కార్యనిర్వహణ శక్తే.

ముందు మెదడు పనినే ప్రత్యేకంగా చూసే పరీక్ష ఎఫ్‌ఏబీ. ఫ్రాన్స్‌లో దుబ్వా బృందం 2000లో తయారుచేసింది. ఆరు భాగాలు, 18 మార్కులు. అరటిపండు, నారింజ ఏ విధంగా ఒకటి అని అడుగుతారు. ఒకే అక్షరంతో మొదలయ్యే పదాలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో చూస్తారు. పిడికిలి, చేతి అంచు, అరచేయి వరుసగా బల్లమీద ఆనించమంటారు. “నేను ఒకసారి తడితే మీరు రెండుసార్లు తట్టండి, నేను రెండుసార్లు తడితే మీరు ఒక్కసారే తట్టండి” అంటారు. చూసినదాన్నే చేయాలన్న ఊపును ఆపి, చెప్పిన నియమం ప్రకారం చేయగలగాలి.

చుక్కలు కలిపే పరీక్షలో మొదట 1 నుంచి 25 దాకా వరుసగా గీత గీయాలి. రెండోసారి ఒక అంకె, ఒక అక్షరం మార్చి మార్చి కలపాలి. రెండు వరుసల మధ్య మనసు ఎంత తొందరగా మారుతుందో ఇందులో తెలుస్తుంది. స్ట్రూప్ 1935లో ప్రకటించిన పరీక్ష ఇంకొకటి. ‘ఎరుపు’ అన్న మాటను నీలం సిరాతో రాసి, మాట చదవకుండా రంగు చెప్పమంటారు. వీటిని సాధారణంగా పెద్దాసుపత్రుల్లో శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు చేస్తారు.

ఇంకొంచెం వివరంగా చూడాలంటే ఏసీఈ త్రీ అనే నూరు మార్కుల పరీక్ష ఉంది. ధ్యాస, జ్ఞాపకం, మాటల ధార, భాష, చూపుతో స్థానాన్ని గుర్తించడం అనే అయిదు భాగాలుగా మార్కులు వేస్తారు. ఏ భాగంలో తగ్గాయో చూస్తే వైద్యునికి దారి దొరుకుతుంది. అల్జైమర్స్‌లో చాలామందికి కొత్త జ్ఞాపకం మొదట దెబ్బతింటుంది. బీపీ, షుగర్, పక్షవాతం వల్ల వచ్చే రక్తనాళాల డిమెన్షియాలో ఆలోచన నెమ్మదించడం, ప్రణాళిక తప్పడం ముందు కనిపించవచ్చు. ముందు మెదడు క్షీణించే రకంలో ప్రవర్తన, విచక్షణ మారిపోతాయి.

చదువు లేనివారిని ఎలా పరీక్షించాలి?

పైన చెప్పిన పరీక్షల్లో చాలావరకు పాశ్చాత్య దేశాల్లో, బడికి వెళ్లిన వారిని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. పదేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతూ బతుకు గడిపిన జగిత్యాల అమ్మకు పెన్సిల్ ఇచ్చి ఘనాకారం గీయమంటే ఎట్లా గీస్తుంది? ఆమె మెదడులో లోపం లేదు, చేతికి పెన్సిల్ అలవాటు లేదు. అదే అమ్మ వెయ్యి బీడీల లెక్క, తంబాకు తూకం, కార్ఖానా నుంచి రావలసిన కూలి పైసలతో సహా చెప్పగలదు. మార్కుల కాగితం ఆమెను రోగి అంటుంది, ఆమె బతుకు కాదంటుంది.

ఈ సమస్యను మన దేశంలో మొదటగా గట్టిగా పట్టించుకున్నది హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో జరిగిన ఇండో అమెరికన్ అధ్యయనం. అక్కడి పల్లెల్లో చదువురాని పెద్దల కోసం మేరీ గంగూలి బృందం ఎంఎంఎస్ఈని మార్చి, 1995లో హిందీ రూపంగా ప్రకటించింది. వందలోంచి ఏడు తీసేయడం బదులు ఇరవైలోంచి మూడు తీసేయమన్నారు. వాక్యం చదివి కళ్లు మూసుకోవడం బదులు, పరీక్షించేవారు చేసినట్టు చేయమన్నారు. వాక్యం రాయడం బదులు తమ ఇంటి గురించి ఒక మాట చెప్పమన్నారు. అడిగేది మారలేదు, అడిగే తీరు మారింది.

తెలుగు నేలమీద ఈ పని హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్‌లో సాగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు అక్కడి జ్ఞాపకశక్తి క్లినిక్‌లో పరీక్షలను తెలుగులోకి మార్చి వాడారు. తర్వాత ఏసీఈ త్రీని తెలుగు, ఉర్దూ, హిందీ, కన్నడ, మలయాళం, తమిళం, భారతీయ ఇంగ్లీషు అనే ఏడు రూపాల్లో సరిచూసి 2020లో ఫలితాలు ప్రకటించారు. భారత వైద్య పరిశోధన మండలి కూడా తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లో, చదువున్నవారికీ లేనివారికీ పనికొచ్చే పరీక్షల సంపుటిని తయారు చేయించింది. కాబట్టి ఇంగ్లీషు కాగితాన్ని చేతబట్టుకుని నోటికొచ్చినట్టు తర్జుమా చేస్తూ పరీక్షించవలసిన అవసరం ఇప్పుడు లేదు.

భాష విషయంలో మనకు సంతోషం కలిగించే మాట ఒకటి ఆ నిమ్స్ క్లినిక్ నుంచే వచ్చింది. 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారికి, ఒకే భాష మాట్లాడేవారి కంటే జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. బడికి వెళ్లనివారిలోనూ ఈ తేడా కనిపించింది. అంటే ఇది చదువు వల్ల వచ్చింది మాత్రమే కాదు. ఒక భాష మాట్లాడుతూ రెండోదాన్ని ఆపి ఉంచడం, మనిషిని బట్టి భాష మార్చడం కార్యనిర్వహణ శక్తికి రోజంతా కసరత్తు అవుతుందని పరిశోధకుల ఆలోచన. ఇంట్లో దక్కనీ, బజార్లో తెలుగు, ఆదిలాబాద్ వైపు మరాఠీ కూడా మాట్లాడే మనవాళ్లకు ఇది తెలిసిన జీవితమే. అయితే ఇది ఒక రక్షణ కావచ్చు తప్ప తాయెత్తు కాదు. ఆ 648 మందిలో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చినవారే.

దీనిలో ఇంకో పాఠం ఉంది. ఇంట్లో దక్కనీ మాట్లాడే నానీని గ్రాంథిక తెలుగులో గానీ, కష్టమైన కితాబీ ఉర్దూలో గానీ పరీక్షిస్తే మార్కులు తగ్గుతాయి. ఆమె రోజూ మాట్లాడే భాషలోనే అడగాలి. ముందుగా చెవి వినిపిస్తోందా, కళ్లద్దాలు పెట్టుకున్నారా చూసుకోవాలి. వినపడక తప్పు చెప్పిన జవాబును మతి తప్పిందని రాయకూడదు.

మార్కు తీర్పు కాదు

స్క్రీనింగ్ అంటే జల్లెడ. జల్లెడలో నిలిచినదంతా రాయి కాదు. ఒక లెక్క చూద్దాం. ఒక ఊరిలో నూరుమంది పెద్దలను కూర్చోబెట్టి పరీక్షించామనుకోండి. వారిలో ఏడుగురికి నిజంగా జబ్బు ఉందనుకుందాం. పరీక్ష ఆ ఏడుగురిలో ఆరుగురిని పట్టుకుంది. జబ్బు లేని 93 మందిలో అయిదుగురికి ఒకరి చొప్పున పొరపాటున అనుమానించింది. అంటే 19 మంది. మొత్తం 25 మందికి “అనుమానం ఉంది” అని చీటీ ఇచ్చాం. వారిలో జబ్బున్నవారు ఆరుగురే. మిగతా 19 కుటుంబాలను ఉత్త భయంలో పడేశాం. ఒక అసలు రోగికి “బాగానే ఉన్నారు” అని చెప్పి పంపేశాం. చదువు లేనివారు ఎక్కువగా ఉన్న చోట చదువున్నవారి కొలత వాడితే ఈ పొరపాట్లు ఇంకా పెరుగుతాయి.

అందుకే ఏ లక్షణమూ లేని పెద్దలందరికీ ఈ పరీక్షలు చేయడం వల్ల మేలు ఎక్కువా, కీడు ఎక్కువా అని తేల్చడానికి తగిన ఆధారాలు లేవని అమెరికా నివారణ సేవల నిపుణుల మండలి 2020లో చెప్పింది. ఇంట్లో మార్పు కనిపించినవారికి, పక్షవాతం వచ్చినవారికి, కుటుంబం ఆందోళన పడుతున్నవారికి చేయడం వేరే సంగతి. అప్పుడు పరీక్ష చాలా ఉపయోగపడుతుంది.

మార్కులు తక్కువ రావడానికి డిమెన్షియా ఒక్కటే కారణం కాదు. థైరాయిడ్ తగ్గడం, విటమిన్ బి12 లోపం, దిగులు జబ్బు, నిద్రమాత్రల వంటి కొన్ని మందులు, తల లోపల రక్తం గడ్డకట్టడం కూడా మతిని మందగింపజేస్తాయి. వీటిలో చాలా వాటికి చికిత్స ఉంది. రెండు మూడు రోజుల్లోనే మనిషి తికమకపడి, పగలు రాత్రి తేడా తెలియకుండా మాట్లాడితే అది డిమెన్షియా కంటే డెలీరియం అయ్యే అవకాశం ఎక్కువ. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఉప్పు తగ్గడం దానికి కారణాలు కావచ్చు. దానికి పరీక్ష మార్కులు చూస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. షుగర్ మందులు వాడే పెద్దలు రంజాన్‌లో రోజా ఉన్నప్పుడు చక్కెర పడిపోయినా ఇట్లాగే తికమకపడతారు. అందుకే రంజాన్ రాకముందే మందుల మోతాదు గురించి డాక్టర్‌ను అడగాలి.

పత్రాలమీద సంతకాలు

ఒక సున్నితమైన విషయం కూడా చెప్పుకోవాలి. హిబా గానీ, వసీయత్ గానీ చెల్లాలంటే ఇచ్చేవారికి ఆ సమయంలో సరైన మతి ఉండాలి. కార్యనిర్వహణ శక్తి తగ్గిన పెద్దలు మర్యాదగా మాట్లాడతారు, సంతకం చేస్తారు, కానీ ఆ సంతకం వల్ల ఏమి పోతుందో తూచుకోలేకపోవచ్చు. కొడుకులు గల్ఫ్‌లో ఉండి, పెద్దలు ఒంటరిగా ఉన్న ఇళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. ఫోన్‌లో ఓటీపీ అడిగే మోసగాళ్లకు మొదట చిక్కేదీ వీళ్లే.

అదే సమయంలో, తక్కువ మార్కులు వచ్చిన కాగితం చూపించి “అబ్బాకు మతి లేదు” అని ఆస్తి చేతిలోకి తీసుకోవడం కూడా అన్యాయమే. స్క్రీనింగ్ మార్కు ఎవరి హక్కునూ తీసేయదు. ఆ నిర్ణయం వైద్యులు పూర్తిగా పరిశీలించాక, చట్టం ప్రకారమే జరగాలి. చూసుకుంటామన్న షరతుమీద ఆస్తి రాయించుకుని తర్వాత పెద్దలను వదిలేస్తే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ఆ బదిలీని రద్దు చేసే అధికారం దానికి ఉంది.

ఇంట్లో గమనించవలసినవి

ఆరు నెలల క్రితం మనిషితో ఇప్పటి మనిషిని పోల్చుకోండి. పక్కింటి పెద్దాయనతో పోల్చకండి.

ఒకటి, ఎప్పుడూ చేసే వంట, లెక్క, బేరం తప్పుతున్నారా? రెండు, తెలిసిన దారిలో, మసీదు నుంచి ఇంటికి వచ్చేటప్పుడు తప్పిపోతున్నారా? మూడు, మందులు వేసుకున్నారో లేదో తెలియక మళ్లీ వేసుకుంటున్నారా? నాలుగు, చెప్పిన సంగతి పది నిమిషాల్లో పూర్తిగా పోతోందా, గుర్తుచేసినా రావడం లేదా? అయిదు, సిగ్గు, ఓపిక, పొదుపు వంటి స్వభావాలు కొత్తగా మారాయా? ఆరు, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులు వదిలేసి ముడుచుకుని కూర్చుంటున్నారా?

నమాజులో రకాతుల లెక్క ఒకసారి మరవడం అందరికీ జరిగేదే. దానికి సజ్దా సహూ ఉండనే ఉంది. రోజూ అదే జరుగుతూ, తాను మరిచానన్న ఎరుక కూడా లేకపోతే ఆలోచించాలి. పైవాటిలో రెండు మూడు ఉంటే ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలోనో వైద్యుల సలహా తీసుకోండి. అవసరమైతే వారే హైదరాబాద్ పంపిస్తారు. మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416, వయోవృద్ధుల సహాయానికి 14567 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

దాతలు ఏమి చేయగలరు?

ఒక్కరోజు శిబిరం పెట్టి, టెంటు వేసి, మార్కులు వేసి, ఫొటోలు దిగి వెళ్లిపోవడం ఈ విషయంలో మేలు కంటే కీడు చేస్తుంది. భయం ఇచ్చి దారి చూపకపోవడం సేవ కాదు. ముందు వెనుక చూసి ఖర్చు పెడితే తక్కువ డబ్బుతోనే చాలా చేయవచ్చు.

మొదటిది, శిక్షణ. ప్రతి పట్టణంలో ఇద్దరు ముగ్గురు చదువుకున్న యువతీ యువకులకు తెలుగు, ఉర్దూ పరీక్షా రూపాలను సరిగా నిర్వహించడం నేర్పించాలి. మోకా వంటి పరీక్షకు శిక్షణ, ధ్రువీకరణ తప్పనిసరి. ఆడవారిని పరీక్షించడానికి ఆడపిల్లలే ఉంటే మంచిది. వారు ఇంటికి వెళ్లి, కుటుంబం చెప్పింది కూడా విని రాసుకోవాలి.

రెండోది, తర్వాతి మెట్టు. అనుమానం వచ్చిన ప్రతివారికీ థైరాయిడ్, బి12, షుగర్ వంటి రక్తపరీక్షల ఖర్చు, అవసరమైతే హైదరాబాద్ వెళ్లి రావడానికి ఇద్దరికి చార్జీలు ముందే పక్కన పెట్టాలి. ఈ డబ్బు లేకుండా పరీక్ష మొదలుపెట్టకూడదు.

మూడోది, నివారణ. వినికిడి తగ్గడం, చూపు తగ్గడం, బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనం, కదలకుండా కూర్చోవడం, చిన్నప్పుడు చదువు లేకపోవడం వంటి 14 కారణాలను సరిచేయగలిగితే లోకంలోని డిమెన్షియాలో దాదాపు 45 శాతాన్ని ఆపడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని లాన్సెట్ కమిషన్ 2024లో లెక్కవేసింది. కాబట్టి ఒక వినికిడి యంత్రం, ఒక కంటి శుక్లం ఆపరేషన్, బీపీ మాత్రలు మతిని కాపాడే దానాలే. బీదపిల్ల చదువుకు ఇచ్చే ఫీజు కూడా, అరవై ఏళ్ల తర్వాత ఆమె మెదడుకు అండగా నిలుస్తుంది.

నాలుగోది, చూసుకునేవారికి తోడు. ఇంట్లో డిమెన్షియా రోగి ఉంటే ఆ భారం చాలావరకు కోడలిమీదో, పెళ్లికాని కూతురిమీదో పడుతుంది. రాత్రిళ్లు నిద్ర ఉండదు, బయటికి వెళ్లే వీలుండదు. వారానికి రెండు పూటలు ఇంకొకరు వచ్చి కూర్చుంటే ఆమెకు ఊపిరి ఆడుతుంది. ఈ పనికి పైసల కంటే మనుషులు కావాలి.

వీటిలో ఏ ఖర్చుకు జకాత్ సొమ్ము వాడవచ్చో, దేనికి సదఖా, లిల్లాహ్ నిధుల నుంచి తీయాలో ముందుగా ఉలమాను అడిగి రాసి పెట్టుకుంటే దాతలకూ మనసు నిశ్చింతగా ఉంటుంది.

తెలిసినదంతా తెలియకుండా పోయే వయసును మనిషి చేరవచ్చని ఖురాన్ చెప్పింది. అటువంటి దశ నుంచి రక్షణ కోరుతూ ప్రవక్త (స) దుఆ చేసేవారని హదీసుల్లో ఉంది. తల్లిదండ్రులు మన దగ్గర ముసలివారైనప్పుడు విసుగు మాట కూడా రానీయవద్దని సూరా ఇస్రాలో ఆదేశం ఉంది. ఒకే ప్రశ్న పదోసారి అడిగినప్పుడు ఆ ఆదేశాన్ని పాటించడం ఎంత కష్టమో, అలాంటి పెద్దలున్న ఇంటివారికి తెలుసు. అది మొండితనం కాదు, జబ్బు అని తెలిస్తే ఆ కష్టం కొంత తగ్గుతుంది. ఈ పరీక్షల వల్ల కలిగే అన్నిటికంటే పెద్ద లాభం బహుశా అదే. అల్జైమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. కానీ పెద్దల పరువు కాపాడటానికి, వారి ఆస్తికి అండగా ఉండటానికి, చూసుకునే ఆడబిడ్డకు ఒక పూట విశ్రాంతి ఇవ్వడానికి మందు అవసరం లేదు. ఆ పని మన చేతుల్లో ఉంది. అల్లాహ్ మన పెద్దలకు ఆఫియత్, మనకు ఓపిక ప్రసాదించుగాక. ఆమీన్.